ఇద్దరూ పలకాలి

“పచ్చ!” అన్నాడు రైలు డ్రైవరు.

“పచ్చ!” అన్నాడు పక్క సీట్లోని అసిస్టెంటు.

సిగ్నల్ రంగు ఒకరు చూసి పలికితే రెండోవారూ చూసి పలకాలి. అదీ ఇంజన్లో పద్ధతి. తర్వాతి డ్యూటీ వాళ్లు రాకపోవడంతో నిన్నటి నుంచీ ఇద్దరికీ కునుకు లేదు.

‘నేనంటే తట్టుకుంటాను. వీడి పనే అయిపోయింది’ అనుకున్నాడు డ్రైవరు. అసిస్టెంటు కళ్లు తెరిచే ఉన్నాయి గానీ రెప్ప కదలడం లేదు. గొంతు మాత్రం చిలక పలుకులా వస్తోంది.

వెనక పెట్టెల నిండా జనం. డ్రైవరుకి ఒళ్లు మండింది. వీడి సంగతి తేల్చాల్సిందే. దూరంగా ఎండలో మరో సిగ్నల్ పచ్చగా కనిపించింది. కావాలనే అబద్ధం పలికాడు.

“ఎరుపు!”

“ఎరుపు!” అంటూనే అసిస్టెంటు బ్రేకు లాగేశాడు.

చక్రాలు కీచుమన్నాయి. బండి ఊగి ఊగి ఆగింది.

“దొరికిపోయావు తమ్ముడూ! పచ్చ లైటుకి బండి ఆపుతావా? కళ్లెక్కడ పెట్టుకున్నావ్?”

అసిస్టెంటు కళ్లు నులుముకున్నాడు. “నేను చూడలేదన్నా. తూగు పట్టేసింది. నువ్వు ఎరుపన్నావని లాగేశాను.”

“ఇప్పుడైనా చూడు!” అంటూ వేలు చూపించబోయిన డ్రైవరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

సిగ్నల్ ఎర్రగా ఉంది. దాని అవతల, అదే పట్టాల మీద, ఇంకో రైలు ఆగి ఉంది. అదక్కడుండగా సిగ్నల్ పచ్చగా ఉండే వీలే లేదు. చివరి పెట్టె తలుపు దగ్గర ఎవరి చంకలోనో ఉన్న పాప ఇంజను వైపు చెయ్యి ఊపుతోంది.

“పచ్చ ఏదీ, అన్నా?” అడిగాడు అసిస్టెంటు.