అర్థం చెబితేనే అన్నం

"'ఇవాక్యుయేట్' అంటే?"

క్యాంటీన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగిందామె.

చేతిలో క్యారియర్లతో వరుస కట్టిన రంగుల ఫ్యాక్టరీ కార్మికులు గొణుక్కున్నారు. కొత్తగా వచ్చిన ఈ ఇంగ్లీషు టీచరుకి వాళ్ళు పెట్టిన పేరు మీనింగ్ మేడమ్.

"కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయని!" అన్నారెవరో వెనకనుంచి. అందరూ ఘొల్లుమన్నారు.

ఆమె నవ్వలేదు. "నువ్వు చెప్పు," అంది మేస్త్రి తమ్ముడితో.

"ఉన్నచోటు ఖాళీ చేసి వెళ్ళిపోవడం, మేడమ్."

"'ఇమీడియట్లీ'?"

"ఉన్నపళంగా."

"నోటితో కాదు, కాళ్ళతో చెప్పు. పరుగెత్తు!"

తమ్ముడు గేటుదాకా పరుగెత్తి, రొప్పుతూ తిరిగొచ్చాడు. మేస్త్రికి ఒళ్ళు మండింది.

"ఏంటమ్మా ఇది? తిండి దగ్గర అడ్డం నిలబడి మనుషుల్ని ఆడిస్తారా? మావాళ్ళకి రంగులు కలపడం వస్తే చాలు."

"ప్రమాదం వస్తే మైకు ఇంగ్లీషులోనే అరుస్తుంది, మేస్త్రిగారూ. మార్చమని పై ఆఫీసుని అడిగాను. వినలేదు."

"శుభమా అని పని చేసుకుంటుంటే ఆ మాటలేంటి?"

ఆమె ఇంకేదో అనబోయింది. మేస్త్రి అప్పటికే మేనేజరు గదివైపు నడిచాడు.

సాయంత్రం ఆమెను ఇక రావద్దన్నారు.

వారం తిరక్కుండానే, రంగులు కలిపే షెడ్డులోంచి ఘాటైన వాసన లేచింది. మైకు గరగరలాడింది.

"ఇవాక్యుయేట్! ఇమీడియట్లీ!"

గేటు దగ్గర సరుకు దింపిస్తున్న మేస్త్రి గిరుక్కున షెడ్డువైపు తిరిగాడు. తమ్ముడు లోపలే ఉన్నాడు.

తలుపుల్లోంచి పొగ. పొగలోంచి మనుషులు. ఒక్కరూ ఆగడం లేదు, ఒక్కరూ వెనక్కి చూడడం లేదు.

"తమ్ముడేడ్రా? మా తమ్ముడేడీ?"

చిట్టచివర వచ్చాడు, ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని లాక్కుంటూ.

వాళ్ళు గేటు దాటారో లేదో, షెడ్డు కప్పు ఎగిరిపడింది.

మేస్త్రి తమ్ముణ్ణి తడిమి తడిమి చూసుకున్నాడు. "ఎలా బయటపడ్డావురా?"

"ఏమో అన్నా. ఆ మాట చెవిలో పడగానే కాళ్ళే లేచాయి."

మేస్త్రి మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు. "సార్, ఆ టీచరమ్మ ఇల్లెక్కడ? నేనే వెళ్ళి పిలుచుకొస్తాను."

"ఊరే వదిలి వెళ్ళిపోయింది. అయినా ఆవిడ టీచరు కాదయ్యా."

"మరి?"

మేనేజరు మండుతున్న షెడ్డుమీంచి చూపు తిప్పలేదు.

"మన కంపెనీదే ఇంకో ఫ్యాక్టరీ ఉండేది, అదీ ఇలాగే అంటుకుంది. ఆ రోజు మైకులో ఈ మాట అరిచింది ఆవిడే. లోపలున్నవాళ్ళు ఏమంటోందోనని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అక్కడే నిలబడిపోయారు."