తొమ్మిదో నంబరు

ఎనిమిదో నంబరు రోగి పళ్లు చూపించుకుని బయటికొచ్చాడు. గోడ మీది స్పీకరు కాసేపు నీళ్లు నమిలింది. ఆ తర్వాత తీయగా "పది" అంది.

తొమ్మిదో నంబరు చీటీ పట్టుకుని కూర్చున్న పెద్దాయన లేచి క్లినిక్కు పైకప్పు ఎగిరిపోయేలా గొడవ చేశాడు. పళ్ల డాక్టరు ఆ కోపమంతా ఫోనులో, ఆ స్పీకరుకు ప్రోగ్రాం రాసిచ్చిన ప్రోగ్రామరు మీద చూపించాడు. ఈ సాయంత్రంలోగా స్పీకరు తొమ్మిది పలకకపోతే ప్రోగ్రాం వెనక్కిచ్చేస్తానన్నాడు. అది చాలదన్నట్టు ఆఫీసులో మేనేజరొచ్చి, అదే జరిగితే రేపటి నుంచి నువ్వే వెళ్లి ఆ స్పీకరు పక్కన నిలబడి తొమ్మిది అని అరుద్దువుగాని, ఇక్కడ నీకింక పనేమీ ఉండదు అని చెప్పి వెళ్లాడు.

ప్రోగ్రామరుకు దిమ్మ తిరిగింది. అతని కంప్యూటర్లో ఆ ప్రోగ్రాం ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెబుతుంది. ప్రోగ్రామునూ అంకెల ఫైళ్లనూ కలిపి జార్ అనే ఒకే ఫైలుగా మూటగట్టి క్లినిక్కుకు పంపితే మాత్రం తొమ్మిది దగ్గర నోరు పెగలడం లేదు. పోయిన వారం కొత్త ప్యాకేజీ పంపినప్పటి నుంచీ ఇదే వరస.

స్పీకర్లో వినిపించే గొంతు అతని భార్యది. ఆవిడే ముచ్చటపడి అంకెలన్నీ రికార్డు చేసి ఇచ్చింది. ఇప్పుడు ఆ ఒక్క అంకె మళ్లీ చెప్పించుకుందామంటే, ఆవిడ వారం రోజులుగా అతనితో మాట్లాడడం లేదు. ఎందుకో అతనికి అంతుపట్టలేదు. కుళాయి కారుతున్నందుకేమోనని కుళాయి బాగుచేయించాడు. అత్తగారి ఫోను ఎత్తనందుకేమోనని తనే ఫోను చేసి, ఆవిడ మోకాళ్ల నొప్పుల చరిత్ర మొదటి నుంచీ విన్నాడు. లాభం లేకపోయింది. ఆ పొద్దున ఇంట్లో గడియారం తొమ్మిది దగ్గరికి రాగానే, జేబులో రికార్డింగు నొక్కి, ఏమీ ఎరగనట్టు టైమెంతయిందని అడిగాడు. ఆవిడ గోడ మీది గడియారం తీసి అతని చేతిలో పెట్టింది.

చివరికి సిగ్గు విడిచి తన బొంగురు గొంతుతోనే తొమ్మిది అని రికార్డు చేసి, పాత ఫైలు స్థానంలో పెట్టాడు. కొత్త జార్ క్లినిక్కుకు వెళ్లింది. అదీ పలకలేదు.

దాంతో పంతం పట్టి వెతకడం మొదలుపెట్టాడు. ముందు ప్రోగ్రాం ఫైలును వెతికే దారి చూశాడు. తన కంప్యూటర్లోని ఫోల్డరు చిరునామా పొరపాటున రాసుంటే అది జార్ లోపల చెల్లదు. అలాంటిదేమీ లేదు, అన్నిటినీ జార్ లోపలే వెతకమని శుభ్రంగా రాసి ఉంది. తర్వాత ఫైలు పేరు చూశాడు. పెద్దక్షరమా చిన్నక్షరమా అన్నది తన కంప్యూటరు పట్టించుకోకపోయినా జార్ ఊరుకోదు. పేరూ సరిగ్గానే ఉంది. అయినా తొమ్మిది దొరకలేదనే అంటోంది ఆ పాడు ప్రోగ్రాం.

ఇక మిగిలింది ప్యాకేజీ కట్టే పని. అది చూసే ఇంజనీరు చెక్క గోడకు అవతలే కూర్చుంటుంది. లేచి నాలుగడుగులు వేస్తే అడిగేయొచ్చు. కానీ ఈ మధ్య ఆవిడకీ ఇతనికీ బొత్తిగా పొసగడం లేదు. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే. అందుకని ప్రోగ్రాంలు పరీక్షించే టెస్టరును రాయబారం పంపాడు.

టెస్టరు చప్పున తిరిగొచ్చాడు.

"ఆవిడ దగ్గర అంతా సవ్యంగానే ఉందట సార్. లోపమంతా మీ దగ్గరే ఉందట."

"ఏం లోపమో అడక్కపోయావా?"

"అడిగాను. అది మీకే తెలిస్తే ఇన్ని తిప్పలెందుకంది. మీ ఇద్దరి మధ్యా తిరగలేక నా చెప్పులరుగుతున్నాయి, మీరే వెళ్లి అడగండి సార్."

ఆవిడ గుమ్మం తొక్కేది లేదని ప్రోగ్రామరు భీష్మించుకున్నాడు.

భోజనాల వేళ క్యారియరు విప్పాడు. అన్నం ఉంది. పెరుగు ఉంది. కూర గిన్నె కడిగి బోర్లించినట్టు ఖాళీగా ఉంది. ఇంట్లో యుద్ధం క్యారియరు దాకా వచ్చిందన్నమాట. చెక్క గోడ అవతల్నుంచి కమ్మటి వేపుడు వాసన వచ్చి అతన్ని మరింత ఉడికించింది.

ఖాళీ గిన్నె వైపు చూస్తుంటే బుర్రలో ఏదో వెలిగింది. పొద్దుట్నుంచీ ప్రోగ్రాం ఫైలును సరిగ్గా వెతుకుతోందా లేదా అని చూశాడే తప్ప, అసలా ఫైలు లోపల పెట్టారా లేదా అని చూడనే లేదు.

చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి, ఎడమ చేత్తో జార్ విప్పాడు. ఎనిమిది ఉంది. పది ఉంది. మధ్యలో తొమ్మిది లేదు. ప్యాకేజీ కట్టే స్క్రిప్టు తెరిచాడు. ఫైళ్లన్నీ జార్‌లో వెయ్యమని ఒక లైను ఉంది. తొమ్మిది తప్ప అని దాని కింద ఇంకో లైను ఉంది. అది పోయిన వారమే చేర్చింది.

పొరపాటు కాదు, కావాలనే చేసిన పని. ఒళ్లు మండిపోయింది. భీష్మప్రతిజ్ఞ గాలికి వదిలేసి, ఎంగిలి చేత్తోనే చెక్క గోడ చుట్టూ తిరిగి వెళ్లాడు. ఈ ముచ్చట చూడాలని టెస్టరు అన్నం వదిలేసి వెనకాలే వచ్చాడు.

"ఆ తొమ్మిదిని తీసేయమని ఎవరు చెప్పారు?" అన్నాడు ప్రోగ్రామరు, ఆఫీసంతా వినబడేలా.

ఆవిడ ఆఖరి ముద్ద తిని, క్యారియరు మూత బిగించి, తాపీగా అతని వైపు తిరిగి అంది:

"మన పెళ్లి జరిగిన తారీఖు నీకే గుర్తులేనప్పుడు, ఆ తొమ్మిదిని నా గొంతుతో ఊరందరికీ ఎందుకు వినిపించాలి?"