మేకలు ఎరిగిన గొంతు

హయత్‌నగర్ దాటాక ఉన్న ఆ వ్యవసాయ కాలేజీలో మాంసం కోసం పెంచే మేకల కొట్టం అన్నిటికంటే వెనక, ప్రహరీ గోడ పక్కన ఉంటుంది. వాటి బాగోగులు ఎలీశమ్మవే. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె కొట్టం పక్క గదిలోనే ఉంటోంది.

ఆ సాయంత్రం ఆఫీసులో పనిచేసే స్వప్న దిల్‌సుఖ్‌నగర్ బస్సుకు బయల్దేరుతూ అడిగింది.

"ఒక్కదానివే ఎట్లుంటవక్కా? భయమైతలేదా?"

"మేకలున్నయి గదా. వాటితోనే ముచ్చట పెడ్త. మనుషులకన్న మంచిగ ఇంటయి."

చీకటి పడ్డాక ఎలీశమ్మ మేతకు కోసిన సుబాబుల్ మండలు చంకన పెట్టుకుని కొట్టం తలుపు తీసింది. రోజూ ఆ చప్పుడుకే మేకలు మీద పడేవి. ఇవాళ ఒక్కటీ కదలలేదు. అన్నీ వెనక గోడ వైపు తిరిగి, చెవులు నిక్కించి నిలబడ్డాయి.

గోడ అవతల నుంచి ఎవరో పిలుస్తున్నారు.

"దా బిడ్డా, దా..."

అది ఎలీశమ్మ గొంతే. చివర్న కాస్త సాగదీయడం కూడా ఆమెదే. ఆ గోడ అవతల ఇల్లు లేదు, దారి లేదు. ఉన్నదంతా రాళ్ల గుట్ట.

మేకలు మెల్లగా గోడ దగ్గరకు నడిచాయి. మెడలు చాచి, తల్లిని చూసినట్టు అరిచాయి. ఎలీశమ్మకు భయం కన్నా ముందు దుఃఖం వచ్చింది. ఆమెకంటూ ఉన్నవి అవే. వెనక్కి పిలుద్దామని నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్లీ పిలవబోయింది. ఊపిరి తప్ప ఏమీ బయటకు రాలేదు.

చంకలోని మండలు జారి కింద పడ్డాయి.

గోడ అవతల పిలుపు ఆగిపోయింది. కాసేపటికి అదే గొంతు, వణుకుతూ, అడిగింది.

"కొట్టంల ఎవరది?"