మాట్లాడని పోస్టరు

"సార్, మీ వెబ్‌సైటు నాతో మాట్లాడటం మానేసింది."

నెల్లూరులో వెబ్‌సైట్లు తయారుచేసే సుశీల్ కుమార్ తలెత్తి చూశాడు. ఎదురుగా ఒక ముసలాయన, నల్లకళ్ళద్దాలు, చేతికర్ర. ఇందుకూరుపేట వైపు నుంచి బస్సులో వచ్చాడట. పేరు కామాక్షయ్య. చూపు లేదు.

"ఏ వెబ్‌సైటు?"

"మత్స్యకార సంఘానిది సార్. తెల్లారుజామున అలల హెచ్చరిక పెడతారే, అది. ముందు ఫోను చదివి వినిపించేది. మీరు మార్చినాక, అలలున్నా లేకున్నా 'చిత్రం' అని ఊరుకుంటా ఉంది."

పక్క సీట్లోని కెజియా అందుకుంది.

"హెచ్చరికను మనం పోస్టరు బొమ్మగా పెడుతున్నాం సార్. బొమ్మలోని అక్షరాలు ఆయన ఫోను చదవలేదు. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాల్లో పెడితే చదువుతుంది. పాత ఫోన్లలోనూ తొందరగా తెరుచుకుంటుంది."

"మామూలు అక్షరాలు చప్పగా ఉంటాయి. పోస్టరు సంఘం ప్రెసిడెంటుగారికి తెగ నచ్చింది," అన్నాడు సుశీల్.

ముసలాయన వైపు తిరిగాడు. "ఇంట్లో ఎవరైనా చదివిపెట్టరా?"

"మా ముసల్దానికి అక్షరమ్ముక్క రాదు సార్."

"అసలు మీరు వేటకు పోతారా?"

"నేనేడ పోతాను సార్! మా ఊరోళ్ళు..."

"వాళ్ళకు కళ్ళున్నాయిగా, చూసుకుంటారు. మీ ఒక్కరి కోసం సైటు మార్చమంటారా?"

కామాక్షయ్య కర్రతో గుమ్మం వెతుక్కుని వెళ్ళిపోయాడు.

"కాస్త పనే సార్," అంది కెజియా.

సుశీల్ వినిపించుకోలేదు.

తర్వాతి వారం సముద్రం పొంగింది. హెచ్చరిక పోస్టరు వేళకే సైటులో ఉంది, ఎర్రరంగులో, ముచ్చటగా. అయినా ఇందుకూరుపేట దగ్గర ఒక ఊరి పడవలన్నీ వేటకు వెళ్ళాయి. వాటిలో ముఖేష్ అనే జాలరి పడవ తిరిగి రాలేదు.

సంఘం వాళ్ళతోపాటు సుశీల్ కూడా పరామర్శకు వెళ్ళాడు. ముఖేష్ అక్క వనజాక్షి ఇసుకలో కూర్చుని ఉంది.

"హెచ్చరిక పెట్టాం కదమ్మా. ఒక్కరూ చూడలేదా?"

"పడవ నీళ్ళలోకి తోసే టయాన ఫోన్లెవరు చూస్తారు సార్? మాకు రామాలయం మైకే. పోవద్దంటే ఆగిపోతాం. ఏమీ అనకపోతే సముద్రం బాగుండాదని పోతాం."

"మరి ఆ రోజు మైకులో ఎందుకు చెప్పలేదు?"

"మైకులో చెప్పే ఆయనకు ఫోను ఏమీ చెప్పలేదంట సార్. ఆ పొద్దు నుంచి ఆయన అన్నం ముట్టలేదు."

సుశీల్ రామాలయం వైపు చూశాడు.

అరుగు మీద, మైకు పక్కన, ఫోనులో విన్న హెచ్చరికను ఏళ్ళ తరబడి ఊరంతటికీ వినిపించిన మనిషి, నల్లకళ్ళద్దాలతో, ఇంకా ఫోనును చెవికి ఆనించుకుని కూర్చుని ఉన్నాడు.