మిగిలిన నాలుగు పెట్టెలు

"పదహారు పెట్టెలతో ఇల్లంతా నిండిపోతే ఇరవై తెప్పించావా? ముప్పై ఏళ్ళు నా పక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చున్నదానివి, ఇదేం లెక్కోయ్?"

ఇంట్లో నేల మీద పరచగా మిగిలి గ్యారేజీలో పడున్న చెక్కల పెట్టెల్ని చూసి షావుకారు అరిచాడు.

"తప్పేలెండి. వయసు మీద పడుతోంది," అంది భార్య, చీపురు గోడకు ఆనించి.

షావుకారుకు ప్రాణం లేచొచ్చింది. బట్టలకొట్టు కూతురికి అప్పగించిన ఆర్నెల్లలో ఆయన నెగ్గిన మొదటి బేరం ఇదే. పొద్దున్నే లేవడం, వంటింట్లో డబ్బాలు అటువి ఇటు సర్దడం, చీవాట్లు తినడం. బీరువా అడుగున పడిపోయిన అమ్ముడుపోని గుడ్డల తానులా అయిపోయానని లోలోపల ఒకటే దిగులు.

"వాపసు ఇచ్చేద్దాం."

"విప్పిన పెట్టెలు ఎవరు తీసుకుంటారండీ?"

"నాలుగూ ఎందుకు విప్పావు?"

"చెదలున్నాయేమోనని. పోనీ, పారేద్దాం."

"పారేస్తావా! నా కంఠంలో ప్రాణముండగానే?"

మూలనున్న పాత ఇనుపబల్ల కాళ్ళ మీద ఆయన చూపు పడింది. "వీటిమీద ఈ చెక్కలు పరిస్తే పనిబల్ల అవదూ?"

"అవుతుంది, చేసేవాడుంటే. మీవల్ల కాదులెండి."

అంతే. షావుకారు పంచె ఎగ్గట్టాడు.

ఇనుపకాళ్ళకు ప్లైవుడ్ బిగించి, దాని మీద చెక్కలు పేర్చాడు. మొదటి వరుస వంకర పోయింది. నాలుగోదానికి వచ్చేసరికి వేలు పట్టేంత సందు. అన్నీ ఊడబెరికి, కొట్లో బట్ట చింపే ముందు చూసినట్టే దారం లాగి వరుస తిన్నగా ఉందో లేదో చూసి మళ్ళీ మొదలెట్టాడు. చెక్క అంచున ఉన్న గాడిలో జిగురు రాయడం, పక్క చెక్క అంచు అందులోకి దూర్చి సుత్తితో తట్టడం. అతుకు పక్కన అతుకు రాకుండా చూసుకున్నాడు. రెండుసార్లు భోజనానికి పిలిస్తే గానీ రాలేదు. డబ్బాల మాటే మరిచాడు. కూనిరాగం కూడా తీశాడు.

మూడోనాడు బల్లెక్కి కూర్చుంటే కిర్రుమనలేదు. కూతురు కొట్టు మూసి మరీ వచ్చి చూసింది. పక్కింటాయన బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, "బాబాయ్, నాకూ ఒకటి చేసిపెట్టరూ?" అన్నాడు.

"వరుసలో నిలబడవోయ్!" అన్నాడు షావుకారు దర్పంగా.

సాయంత్రం, ఇంట్లో చెక్కలు పరిచిన మేస్త్రీ మరిచిపోయిన సామాను కోసం వచ్చి, బల్ల మీద అరచెయ్యి రాశాడు.

"వెంట్రుకంత సందు లేదు బాబుగారూ!"

"మా ఆవిడ లెక్క తప్పబట్టి గానీ, లేకుంటే ఈ బల్లెక్కడిదోయ్!" షావుకారు పకపకా నవ్వాడు.

మేస్త్రీ తెల్లబోయాడు.

"'ఇంటికి పదహారు, మా ఆయనకు నాలుగు' అని అమ్మగారే కదండీ నాచేత చీటీ రాయించింది!"