సూదులు దిగేదాకా పాట

“ఆ పాట కాస్త కట్టేస్తారా?” అన్నాడు కిటికీ పక్క కుర్చీలోని పెద్దాయన.

డయాలిసిస్ గదిలో అందరి తలలూ అటు తిరిగాయి.

ఆయన ఆ రోజే కొత్తగా చేరాడు. వచ్చీ రాగానే పెత్తనమా అన్నట్టు చూశాడు కండక్టర్. రిటైరై పదేళ్లయినా కండక్టర్‌కి పాత బుద్ధి పోలేదు, టీవీ రిమోట్‌ని టికెట్ల సంచీలా చంకలోనే పెట్టుకుంటాడు.

గోడ మీది టీవీలో, నెట్‌లోంచి పెట్టిన ముప్పై ఏళ్ల నాటి సీరియల్ మొదలవుతోంది. ఒక చిన్నపిల్ల గొంతు పాడుతోంది.

“మేడ మీద మబ్బొకటి ఆరేసిందెవరే...”

వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు ఆ కుర్చీల్లో పడుండే వాళ్లకి ఆ పాటే పెద్ద ఊరట. అది వినగానే కండక్టర్‌కి పెళ్లయిన కొత్త. నర్సుకి మళ్లీ రెండు జడలు. రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే వాళ్లు మాత్రం ఆ పాత సాయంత్రాల్లో తిరిగేవాళ్లు, ఎంత హాయిగా ఉండేదో.

“పాటంటే పడని మనిషిని ఇప్పుడే చూస్తున్నా,” అంది ఎదురు కుర్చీలోని టైలరమ్మ. “రాతి గుండె కాబోలు.”



నర్సు ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“ఏమీ అనుకోకండి బాబాయ్‌గారూ. ఆ అక్కకి సూదులంటే చచ్చేంత భయం. రెండుసార్లు మధ్యలో లేచి వెళ్లిపోయింది. రెండోసారి ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరాడక స్ట్రెచర్ మీద వచ్చింది. ఈ పాట వస్తున్నప్పుడైతేనే చెయ్యిస్తుంది. అది అయ్యేలోపు రెండు సూదులూ పెట్టేస్తాను.”

పెద్దాయన టైలరమ్మ వంక చూశాడు. ఆమె కళ్లు మూసుకుని, టీవీ వైపు చెవి పెట్టి, చెయ్యి చాచి ఉంది.

“అయితే పెట్టండి,” అన్నాడు. “మధ్యలో ఆపకండి.”

ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ కట్టేయమనలేదు.

కానీ పాట వచ్చినప్పుడల్లా ఆయన సూదులున్న చేతి పిడికిలి బిగించేవాడు. రక్తం సరిగా పారక మెషిన్ కుయ్యోమని కూసేది. నర్సు పరుగెత్తుకెళ్లి వేళ్లు విప్పదీసేది.

“ఆయనకే కాదు, ఆయన మెషిన్‌కీ సంగీతం పడదు,” అని జోకేశాడు కండక్టర్. గదంతా నవ్వింది. టైలరమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

ఒక సోమవారం నెట్ పోయింది.

కండక్టర్ రిమోట్‌లోని బొత్తాలన్నీ నొక్కాడు. టీవీ తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

“పాట లేకపోతే నావల్ల కాదు,” టైలరమ్మ చెయ్యి లాగేసుకుంది. “రేపొస్తా.”

“రేపు ఖాళీ లేదక్కా. ఇప్పటికే కాళ్లు వాచాయి. నా మాట విను.”

“ప్రాణం పోతే పోనీ!” ఆమె చెప్పులు వెతుక్కుంటోంది.

అప్పుడు కిటికీ పక్కనుంచి సన్నగా వినిపించింది.

“మేడ మీద మబ్బొకటి ఆరేసిందెవరే... తడిసిందో ఏమో గానీ తీసేదెవరే...”

ముసలి గొంతు. వణుకుతోంది. అయినా ఒక్క మాట తప్పలేదు. ఆ పిల్ల ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడే తీసుకున్నాడు. ఎక్కడ సాగదీస్తుందో అక్కడే సాగదీశాడు.

టైలరమ్మ మెల్లగా కూర్చుంది. చెయ్యి చాచింది.

మొదటి సూది దిగింది. రెండోదానికి నరం దొరకలేదు. పాట అయిపోవచ్చింది. నర్సుకి చెమటలు పట్టాయి.

పెద్దాయన ఆగలేదు. టీవీలో ఎవరూ ఎప్పుడూ వినని చరణం ఎత్తుకున్నాడు.

“ఆరినాక మడతేసి అమ్మకిచ్చి వస్తా... అందాకా నిద్దరోకు, ఆడుకుందాం ఇద్దరం...”

రెండో సూదీ దిగింది.  కండక్టర్ కళ్లజోడు తుడుచుకున్నాడు.

“ఆ చరణం ఎక్కడిదండీ? పాట రాసింది మీరేనా?” అన్నాడు చివరికి.

“నాకంత తెలివెక్కడిది బాబూ. ఒకప్పుడు మా ఇంట్లో పొద్దస్తమానం ఇదే పాట.”

“మరి ఆ రోజు కట్టేయమన్నారేం?” అంది టైలరమ్మ.

“అలవాటు తప్పిందమ్మా,” అని ఆయన కిటికీ వైపు తిరిగాడు.

శుక్రవారం ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆ గదిలో కుర్చీ ఖాళీ అయితే ఎందుకని ఎవరూ అడగరు.

పదిహేను రోజుల తర్వాత ఆయన భార్య వచ్చింది, ఆ గది బీరువాలో ఉండిపోయిన ఆయన దుప్పటి తీసుకెళ్లడానికి. అదే సమయానికి టీవీలో పాట మొదలైంది. నర్సు సూది పట్టుకుని టైలరమ్మ ముందు కూర్చుంది.

పెద్దావిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఈ పాట రోజూ పెడతారా?”

“నా కోసమేనండీ,” అంది టైలరమ్మ. “పాపం, మీవారికే గిట్టేది కాదు. నేనే తెలీక నోరు పారేసుకున్నాను.”

“ఆయన ఉండగా కూడా పెట్టారా? విన్నారా ఆయన?”

“వినడమేంటి పిన్నీ, ఒక రోజు మొత్తం పాడారు కూడా! ఆ పాటే లేకపోతే నేను ఇవాళ ఇక్కడ ఉండేదాన్ని కాదు.”

పెద్దావిడ ఖాళీ కుర్చీ పట్టుకుని మెల్లగా కూర్చుంది. పాట చివరిదాకా టీవీ వంకే చూసింది. ఆమె కళ్లు ఆగకుండా కారుతున్నాయి.

“మా ఇంట్లో టీవీ లేదమ్మా,” అంది. “ఇది ఎక్కడ వినిపిస్తుందోనని ముప్పై ఏళ్లు ఆయన కొననివ్వలేదు.”

“ఎందుకని పిన్నీ?”

“ఆ పాడేది మా అమ్మాయి, ఆయనే ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పించారు, ఎనిమిదో ఏట పాడింది, తొమ్మిదో ఏడు చూడలేదు.”