ఫోన్‌లో చెప్పని కబురు

“మీ అన్నను దవాఖానా నుంచి ఇంటికి తెచ్చినం. మస్తు సీరియస్‌గుంది. జల్ది రా జీవన్!” వదిన దుర్గాభవాని ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది.

నాచారంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర జీవన్ ఉన్నచోటనే కూలబడ్డాడు. చావు కబురు ఫోన్‌లో ఎవరు చెబుతారు? ఫోన్ కనిపెట్టిన మహానుభావుడు ఏ దేశంవాడో గానీ, మన చేతికొచ్చాక దానికీ మన మర్యాదలే నేర్పాం. పోయినవాళ్లను పోయారని అనం, సీరియస్ అంటాం. నాన్న పోయిన నాడు జీవన్ కూడా చుట్టాలందరికీ ఆ మాటే చెప్పాడు.

మేనకోడలి పెళ్లిలో అన్న నలుగురి ముందూ తిట్టాడని ఏడాదిగా తను ఆయన ఫోన్ ఎత్తలేదు. ఎన్నిసార్లు చేశాడో పాపం! ‘తప్పయింది అన్నా’ అని ఒక్క మాట అనడానికి తనకేం రోగమొచ్చింది? ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలి?

కాసేపటికి లేచి, దమ్మాయిగూడలో అన్న ఇంటికి పోవాల్సిన బండిని ఉప్పల్ వైపు తిప్పాడు. అక్కను తీసుకెళ్లాలి. అయినా ఇప్పుడిక తొందరపడి ఏం లాభం?

“అక్కా, అన్నకు సీరియస్ అంట.”

శారదమ్మ గుండెలు బాదుకుంది. “అయ్యో బుచ్చిరాములూ, ఎంత పని చేస్తివిరా!”

“ఏడువకు అక్కా. పోంగ దండ కొనాలె, పద.”

“ఆగు, పెట్టెల కొత్త పంచె ఉంది. తోడబుట్టినదాన్ని, నా బట్ట కప్పాలె.”

ఉప్పల్ చౌరస్తాలో దండ కట్టిస్తుండగా మళ్లీ వదిన ఫోన్.

“యాడున్నరు?”

“ఉప్పల్ల ఉన్నం వదినా. మేమొచ్చేదాక ఆపున్రి.”

“నా చేతుల ఏమున్నది జీవన్? జల్ది రా!” ఆమె భోరుమంది.

“దూరపోళ్లు రావద్దా? అప్పుడే ఎట్ల తీస్తరు?” అని శారదమ్మ కళ్లు తుడుచుకుంది. దండ పలచగా ఉందని ఇంకో మూర కలిపించింది.

దమ్మాయిగూడలో అన్న ఇంటి ముందు టెంటు లేదు, జనం లేరు. ఈ కాలనీవాళ్లకు కాస్తయినా పట్టదా అని జీవన్‌కు ఒళ్లు మండింది.

లోపల అన్న ఇంకా మంచం మీదే ఉన్నాడు. తల వదిన ఒళ్లో ఉంది. జీవన్ ఆ కాళ్ల మీద పడ్డాడు.

“తప్పయింది అన్నా... ఒక్కసారి లెవ్వే!”

వదిన అతని తల మీద చెయ్యి వేసింది.

“గిప్పటిదాక నిన్నే పిలిచిండు, జీవన్.”